ఎలుకల పెళ్ళిళ్ళ పేరయ్య

తెనాలిలో లేడీ డాక్టరు గది బయట బల్ల మీద ఏసమ్మ కూర్చుంది. పక్కన కోడలు పుష్పలత. పెళ్ళయి ఏడేళ్ళు. కడుపు పండలేదు.

రేపల్లెలో పొద్దున పాసింజరు ఎక్కించి కోడల్ని తీసుకొచ్చింది ఏసమ్మే. గుంటూరు డాక్టరు అయ్యాడు, చేబ్రోలు ఆకుపసరు అయింది, చర్చిలో అయ్యగారి ప్రత్యేక ప్రార్థనలూ అయ్యాయి. ఏ మందు ఇచ్చినా పుష్పలత కళ్ళు మూసుకుని మింగింది. ఒక్కసారి కూడా ఎందుకని అడగలేదు.

ఏసమ్మకు మనవరాలు కావాలి. పేరు కూడా అనుకుని పెట్టుకుంది. రాహేలు.

రాహేలు ఆవిడ కూతురు. ముప్పై ఒకటో ఏట రొమ్ములో గడ్డ లేచి పోయింది. అంతకుముందు ఏసమ్మ మొగుడు అంద్రెయ తల్లి, ఆయన ఇద్దరు చెల్లెళ్ళూ అదే గడ్డతో పోయారు. నలుగురికీ ఏసమ్మే కట్లు కట్టింది. నలుగురికీ ఏసమ్మే ఆఖరి నీళ్ళు పోసింది. ఇక మిగిలింది కొడుకు బర్నబాసు. ఆడవాళ్ళ జబ్బు ఆడవాళ్ళతోనే పోయిందని, ఇంటికి గండం గడిచిందని ఆవిడ నమ్మకం.

బర్నబాసుకు బాపట్లలో ఉద్యోగం. సుశీల మేడమ్ అనే సైంటిస్టు దగ్గర ఎలుకలను చూసుకునే పని. మేడమ్ దగ్గర తెల్లెలుకలు రెండు జాతులు. గడ్డలు లేపే మందు రెంటికీ ఒకేలా ఎక్కించినా ఒక జాతి ఆడవాటికి రొమ్ముల్లో గడ్డలు లేస్తాయి, రెండో జాతికి లేవవు. ఏ మగదాన్ని ఏ ఆడదాని పంజరంలో వదలాలో మేడమ్ చీటీ రాసిస్తుంది. అతను వదులుతాడు. పిల్లలు పుడితే చెవులకు గాట్లు పెట్టి గుర్తులు రాస్తాడు. అవి పెరిగాక వారానికోసారి ఒక్కోదాన్నీ పట్టుకుని చంకల నుంచి తొడలదాకా తడమాలి. కందిగింజంత గడ్డ ఉన్నా బర్నబాసు వేళ్ళకు తెలిసిపోయేది.

"మావాడు ఎలుకల పెళ్ళిళ్ళ పేరయ్య. వాటి ఏడు తరాలూ అప్పజెబుతాడు, తనకి మాత్రం పిల్ల కుదరదు" అని అంద్రెయ బతికున్న రోజుల్లో ఎకసెక్కం ఆడేవాడు.

ఎనభై నాలుగులో మేడమ్ గడ్డల జాతి మగదాన్ని మంచి జాతి ఆడదానితో కలిపింది. వాటి కూతుళ్ళను తడుముతుంటే ఒకదాని తర్వాత ఒకదానిలో గడ్డ తగిలింది. బర్నబాసు చేతిలో ఎలుకను దించకుండా అలాగే నిలబడిపోయాడు.

"తల్లి మంచి జాతి గదండీ" అన్నాడు.

"తల్లిని చూసి పిల్లను, పాడిని చూసి బర్రెను అన్నవాళ్ళు తండ్రిని మర్చిపోయారు బర్నబాసూ. మగదానికి గడ్డ లేవదు. అది జబ్బును మోస్తుందంతే. మోసి, కూతురికి దించుతుంది."

"మనుషుల్లోనూ ఇంతేనాండి?"

కొన్ని ఇళ్ళల్లో అంతేనని అనుమానమని, అది తేల్చడానికే ఈ తిప్పలన్నీ అని మేడమ్ రాసుకుంటూనే చెప్పింది. అతనెందుకు అడిగాడో ఆవిడకు తెలియదు. ఇంటి సంగతులు అతను ఎవరితోనూ అనేవాడు కాదు.

ఆ తర్వాత మూడేళ్ళు వచ్చిన సంబంధమల్లా తిరగ్గొట్టాడు. జంపని పిల్ల పొట్టి అన్నాడు. వేమూరు పిల్ల మాట పెళుసన్నాడు. చివరికి ఏసమ్మ అన్నం మానేసింది. నాలుగో రోజున అతనే కంచం తెచ్చి ముందు పెట్టాడు.

"తినవే అమ్మా. చేసుకుంటాలే."

అలా పుష్పలత ఆ ఇంటికి వచ్చింది. భట్టిప్రోలు బడిలో చంటిపిల్లలకు అఆలు నేర్పిన పిల్ల. వాడలో ప్రతి బిడ్డా ఆమె చంకెక్కేది. సాయంత్రానికి ఎవరి బిడ్డను వాళ్ళు తీసుకుపోయేవాళ్ళు. ఏళ్ళు గడిచేకొద్దీ బాప్తిస్మాల విందులకు పిలవడమైతే పిలిచేవాళ్ళు గానీ, బిడ్డను ఆమె చేతికివ్వడం మానేశారు. గొడ్రాలన్న మాట గోడ అవతల వినపడితే పుష్పలత తలొంచుకుని బియ్యం ఏరుకునేది. శనివారాలు ఇంటికొచ్చే బర్నబాసు అది విన్నాడంటే లేచి కాలవ గట్టుకు పోయేవాడు.

డాక్టరు గదిలోంచి పేరు పిలిచారు. పుష్పలత లేస్తుంటే ఏసమ్మ చెయ్యి పట్టుకుంది.

"అమ్మాయ్, ఈసారి ఏదో ఒకటి తేల్చెయ్యమను. లేకపోతే లేదనే చెప్పమను. ఆశ పెట్టుకుని చచ్చేకంటే అదే నయం. నిన్నేమీ అననులే."

డాక్టరమ్మ పరీక్ష చేసింది. పాత కాగితాలు ఒక్కొక్కటే తిరగేసింది.

"నీలో ఏ లోపం లేదమ్మా. ఇన్నేళ్ళలో మీ ఆయనకి ఒక్క పరీక్షైనా చేయించారా? ఈసారి ఆయన్ని తీసుకురా."

పుష్పలత వెనక్కి తిరిగి తలుపు సరిగ్గా పడిందో లేదో చూసింది. గొంతు తగ్గించింది.

"లోపం నాదేనని మా అత్తతో చెప్పండి మేడమ్‌గారూ."

"లేనిది ఎలా చెప్పమంటావు?"

"పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించుకుని, ఆ కాగితం నా చేతిలో పెట్టాకే ఆయన నన్ను చేసుకున్నారండి."