చవకలో మంచి రీలు

"అన్నయ్యగారూ, చేపలు పట్టే రీలు కావాలి. చవకలో మంచిది చూపించండి."

ఆదివారం పదకొండు గంటలకి ఈ మాటతో ఆవిడ షాపులోకి అడుగుపెట్టేసరికి, గాలాల షాపాయన స్టూలు మీంచి దిగబోయి పడ్డంత పని చేశాడు.

"ఓహో, చెల్లెమ్మా, మీరా! రండి, రండి!" అని వీధి చివరికి వినపడేలా పలకరించాడు.

"నాకు చెవుడు లేదండీ" అందావిడ.

ఆవిడ పక్క సందులో బట్టలు కుడుతుంది. భర్త ఇంటింటికీ తిరిగి నీళ్ల మీటర్ల రీడింగు తీస్తాడు. వారమంతా మీటర్ల ముందు వంగి వంగి నడుం పోతోందని, ఆదివారం ఒక్కపూటైనా చెరువు గట్టున నిటారుగా కూర్చుంటానని రెండేళ్ల కిందట మొదలుపెట్టాడు. పొద్దున్నే గాలం కర్ర భుజాన వేసుకుని పోతాడు. భోజనం వేళకి చేపతో వస్తాడు.

"బావగారికేనా?" అన్నాడు షాపాయన.

"మా ఇంట్లో చేపలు పట్టేది ఇంకెవరున్నారు?"

"అయితే రేపు ఆయన్నే పంపండి. రీలంటే చెప్పుల్లాంటిది. ఎవరిది వాళ్లే చూసుకోవాలి."

"ఆయనొస్తే మీరిద్దరూ కబుర్లలో పడతారు. చూపించండి."

ఒక సాదా రీలు తీసి ముందు పెట్టాడు. ఆవిడ దాన్ని కన్నెత్తి కూడా చూడలేదు.

"ఇది కాదు. బొటనవేలితో ఆపేది ఉంటుందట. బెయిట్‌కాస్టింగ్ రీలు."

"అమ్మో, దాంతో పెట్టుకోకండి. విసిరాక ఎర నీళ్లలో పడగానే బొటనవేలితో చక్రాన్ని ఆపాలి. లేకపోతే ఎర ఆగుతుంది, చక్రం ఆగదు. దారం కాస్తా పిచ్చుక గూడవుతుంది. విప్పుకోడానికి ఆదివారమంతా చాలదు."

"మిషను బాబిన్ లాంటిదేగా! బిగువు సరిగ్గా చూసుకుంటే దారం ఎందుకు చిక్కుపడుతుంది?"

ఇరవయ్యేళ్లుగా షాపాయన గంటసేపు చెప్పేది ఆవిడ ఒక్క ముక్కలో తేల్చేసింది.

మూడు రీళ్లు బల్ల మీదికొచ్చాయి. మొదటిది అన్నిటికన్నా చవక. ఆవిడ చెవి దగ్గర పెట్టుకుని తిప్పింది. "లోపల ఇసుక నూరుతున్నట్టుంది" అని పక్కన పడేసింది. మూడోదాని ధర చీటీ చూసి, నిద్రపోతున్న పసిబిడ్డని దించినట్టు నెమ్మదిగా దించింది. "ఈ డబ్బుకి చేపే మా ఇంటికొచ్చి తలుపు కొట్టాలి."

రెండోది చేతిలోకి తీసుకుంది.

"చేపలు బాగానే పడుతున్నాయా బావగారికి?" ఏదో ఒకటి మాట్లాడాలని అడిగాడు షాపాయన.

"ఎందుకు పడవు? పోయిన వారం తెచ్చినదానికి పొలుసు కూడా లేదు, ముక్కలు కోసి ఉంది. ఇదేంటండీ అంటే, ఈమధ్య చేపలు ఇలాగే పడుతున్నాయన్నారు."

షాపాయనకి పొలమారింది.

"అంతకుముందు వారం సముద్రపు చేప. చెరువులో."

"వరదకి కొట్టుకొచ్చి ఉంటుంది" అన్నాడు షాపాయన.

"వరదెప్పుడొచ్చింది?"

"రాలేదా?"

అన్నీ అంత అమాయకంగా చెప్పే ఆవిడని చూస్తే ఎవరికైనా మనసు కలుక్కుమంటుంది. షాపాయన నుదురు తుడుచుకున్నాడు.

"చెల్లెమ్మా, వేళ్లు చిల్లులు పడేలా కుట్టి సంపాదించుకున్న డబ్బు. ఎందుకు తగలేస్తారు? ఆయన దగ్గరున్న రీలు చాలు."

"నిజమే. రెండేళ్లయినా కొత్తదానిలా మెరుస్తోంది. మావారు వస్తువుని అంత అపురూపంగా చూసుకుంటారు." రీలు అటూ ఇటూ తిప్పి చూసింది. "పిడి ఎడమవైపున్నది ఉందా?"

"ఎడమవైపెందుకు? బావగారిది కుడిచెయ్యేగా! పంచేటప్పుడు చూశా..." అని నాలిక్కరుచుకున్నాడు.

"ఏం పంచేటప్పుడు?"

"బిల్లులు! నీళ్ల బిల్లులు పంచేటప్పుడు."

"ఓహో" అందావిడ. "ఎడమదే ఇవ్వండి."

ఆ రకం ఒక్కటే ఉంది. ఒక కర్రకి బిగించి, దారం చివర సీసపు గుండు కట్టిచ్చాడు. ఎలాగూ చిక్కుపడుతుంది, విసుగొచ్చి పోతుందని ఆయన ఆశ. ఆవిడ గుమ్మం దగ్గరున్న బకెట్టుకి గురిపెట్టి ఎడమచేత్తో విసిరింది. గుండు మూడడుగుల దూరంలో పడింది. దారం పిచ్చుక గూడయింది.

"చెప్పానా!" అన్నాడు షాపాయన, ప్రాణం లేచొచ్చినట్టు.

ఆవిడ కొప్పులోంచి పిన్నీసు తీసి, ఒక్కో పోగూ లాగి రెండు నిమిషాల్లో విప్పేసింది. పక్కనున్న బ్రేకు మరని రెండంకెలు పెంచింది. మళ్లీ విసిరింది. బొటనవేలు సరిగ్గా సమయానికి చక్రం మీద వాలింది.

గుండు టంగుమని బకెట్టులో పడింది.

ఎరల డబ్బాలు ఏరుకుంటున్న ముసలాయనొకడు వాటిని వదిలేసి చప్పట్లు కొట్టాడు. ఆవిడ మొహం వెలిగిపోయింది. బొటనవేలిని ఒకసారి చూసుకుంది, అది ఇన్నాళ్లూ తనదేనని తెలియనట్టు.

"ఇదే ఖాయం. మరీ నాసిరకం కాదు, ఇల్లు గుల్లయ్యేంతా కాదు."

షాపాయన గబగబా పెట్టెలో సర్ది చేతిలో పెట్టాడు. "డబ్బుకేం తొందర లేదు చెల్లెమ్మా, తర్వాత చూసుకుందాం. ఎండ ముదురుతోంది, మీరు బయల్దేరండి."

ఆవిడ రీలు సంచిలో వేసుకుని, గుమ్మం దాటబోతూ ఆగి, షాపు వెనకగది తలుపుకేసి తిరిగి గొంతెత్తి అంది: "ఏమండీ, ఆ పేకాట ముగించి, దీని డబ్బు కట్టేసి, ఇంటికెళ్లి అన్నం వండి పెట్టండి, ఈ ఆదివారం నుంచి చేపలకి నేను వెళ్తున్నా!"