తల ఎత్తని పెద్దాయన

"మొహమాటపడకుండా అడిగెయ్యి. నువ్వు తడబడ్డావో, ఆ మైకు నేను లాక్కుంటాను," అంది ఆడపడుచు, ఆసుపత్రి హాల్లో పక్క కుర్చీలోంచి.

దర్జీ తలూపింది. ఆమె కుడి కంటికి ఇప్పుడు వెలుగూ చీకటీ ఒకటే. సూదిలో దారం భర్త ఎక్కించి ఇస్తున్నాడు.

కంటి లోపలి పొర ఊడిందని ఈ ఆసుపత్రిలోనే ఆపరేషన్ చేశారు. పొర మళ్ళీ అతుక్కోవడానికి కంట్లోకి గ్యాస్ ఎక్కించి, ఎడమ పక్కకి తిరిగి పడుకోమన్నారు. ఒళ్ళు హూనమైనా ఆమె కదల్లేదు. తీరా కట్టు విప్పితే, ఉన్న కాస్త చూపూ పోయింది. కొత్తగా తెప్పించిన సిలిండర్లలోంచి ఆ గ్యాస్ తీశారనీ, అందులో ఏముందో ఎవరూ పరీక్షించలేదనీ తర్వాత బయటపడింది.

ఆ సిలిండర్లు ఇంకా ఆపరేషన్ గదిలోనే ఉన్నాయి. వాటిని వాడబోమని ఆసుపత్రి పెద్ద డాక్టరు నోట పదిమందిలో అనిపించాలి. ఆమె అందుకే భర్తనీ ఆడపడుచునీ వెంటబెట్టుకుని వచ్చింది.

హాల్లో విలేకరులు కిక్కిరిసి ఉన్నారు. ముందుగా ఆసుపత్రి ప్రచార అధికారి గొంతు సవరించుకున్నాడు.

"మా గ్యాస్ నూటికి నూరుపాళ్ళు సురక్షితం. ఆ కన్నే దానికి సహకరించలేదు."

"అంటే తప్పు నా కంటిదా?" అంది దర్జీ.

"అబ్బే, కంటి మీద మాకేం కోపం లేదమ్మా."

ఆడపడుచు కుర్చీ వెనక్కి తోసి లేచింది. సరిగ్గా అప్పుడే తలుపు తెరుచుకుంది.

భార్య చెయ్యి పట్టుకుని పెద్ద డాక్టరు వచ్చాడు. ఎప్పుడూ ఛాతీ విరుచుకుని, ఎదుటివాళ్ళ నెత్తి మీదుగా చూస్తూ మాట్లాడే మనిషి. ఇవాళ నల్ల కళ్ళద్దాలు. గడ్డం గుండెకి ఆనింది. కూర్చున్నాక నుదురు ఇంచుమించు బల్లకి తగిలింది.

"జరిగినదానికి చింతిస్తున్నాను," అన్నాడు నేలతో.

"వినపడట్లేదు సార్. కాస్త తలెత్తి చెప్పండి," అన్నాడో విలేకరి.

"ఎత్తలేను."

భార్య చేతిరుమాలుతో ఆయన కళ్ళద్దాల కింద మెల్లగా అద్దింది.

ప్రచార అధికారి అంది వచ్చిన అవకాశాన్ని వదిలే రకం కాదు. "చూశారా! విదేశంలో సన్మానం పెట్టుకుని, విమానం ఎక్కనని భీష్మించుకున్నారు. రాత్రీ పగలూ ఇలాగే ఉంటున్నారు. భోజనం కూడా తల దించుకునే చేస్తున్నారు."

"అందరం అలాగే చేస్తాంలే," అని గొణిగింది ఆడపడుచు. కానీ ఆవిడ గొంతులోనూ పస తగ్గింది. మెల్లగా కుర్చీ ముందుకి జరుపుకుని కూర్చుంది.

దర్జీకి మనసు చివుక్కుమంది. అంతటి మనిషి తన ముందు ఇలా ముడుచుకుపోవడం చూడలేకపోయింది. నాలుక చివరిదాకా వచ్చిన ప్రశ్నను మింగేసింది.

"పోనీలెండి సార్. నా కన్ను ఎలాగూ పోయింది. మీరు తలెత్తండి, అంతే చాలు."

"వద్దమ్మా!" భార్య కంగారుగా అడ్డుపడింది. "ఎత్తమని మాత్రం అనొద్దు."

కెమెరాలు తళుక్కుమన్నాయి. 'సిగ్గుతో వంగిన శిఖరం' అని ఒక విలేకరి అప్పటికే శీర్షిక కట్టేశాడు. ఆడపడుచు ముక్కు చీదింది. దర్జీ భర్త పరుగున వెళ్ళి పెద్ద డాక్టరుకి తలుపు తీసి పట్టుకున్నాడు. సిలిండర్ల మాట ఎవరూ ఎత్తలేదు.

కారు వెనక సీట్లో మోకాళ్ళ మీదికి వంగి కూర్చున్న పెద్ద డాక్టరు చెవికి భార్య ఫోను ఆనించగానే, ఊరవతలి మరో కంటి ఆసుపత్రి డాక్టరు ఆదుర్దాగా అడిగాడు: "మీ కంట్లో మేం పెట్టిన గ్యాస్ కరిగేదాకా విమానం ఎక్కొద్దు, తల ఎత్తొద్దు అన్నాను కదా సార్, అక్కడ మొహమాటానికి పోయి ఎత్తలేదు కదా?"