తూము గురించి నాలుగు మాటలు

మబ్బు పట్టిన ఓ మధ్యాహ్నం నరసరాజు రొయ్యల చెరువులో ఆక్సిజన్ తగ్గింది. చెరువును కనిపెట్టుకుని ఉండే ఏఐ ఏజెంటు, నీటిని చిలికే ఏరేటర్లు తిప్పడానికి బదులు తూము ఎత్తేసింది. సగం రొయ్యలు కాలవలో కలిశాయి. తీరా చూస్తే ఏజెంటుకిచ్చిన పనిముట్ల జాబితాలో ఏరేటర్లకీ తూముకీ కూడా "నీటిని బాగుచేస్తుంది" అనే వివరణే రాసి ఉంది.

ఏజెంట్ల కోసం పనిముట్ల వివరణలు రాసే హైమావతిని ఆయన పిలిపించాడు. ఆమె గట్టు మీద కూర్చుని ప్రశ్నలు మొదలుపెట్టింది. తూము ఎప్పుడు ఎత్తుతారు? ఎప్పుడు ఎత్తకూడదు? ఎత్తాక పోయింది తిరిగొస్తుందా?

"ఇంత విడమరిచి చెప్పడానికి అదేవన్నా చంటిపిల్లా అమ్మా?" అని విసుక్కున్నాడు నరసరాజు.

"కాదండి రాజుగారూ, కొత్త కోడలు. పనిమంతురాలే. కానీ ఉప్పు డబ్బా ఏదో, పంచదార డబ్బా ఏదో ఎవరూ చెప్పకపోతే తనేం చేస్తుందండి?"

ఆయనకు నవ్వొచ్చింది. ఆపైన అడిగినవాటికల్లా ఓపిగ్గా జవాబిచ్చాడు. సాయంత్రానికి ఆమె పాత వివరణ తీసేసి, తూముకు కొత్తగా రాసింది చదివి వినిపించింది: "తూము ఎత్తితే నీళ్లతోపాటు రొయ్యలూ పోతాయి, మళ్లీ రావు. ఆక్సిజన్ తగ్గితే తూము జోలికి పోవద్దు, ఏరేటర్లు తిప్పాలి. రైతు సరేననకుండా తూము ఎత్తొద్దు."

వారం తిరక్కుండా మళ్లీ మబ్బేసింది. నరసరాజు చెరువు దగ్గరికి పరుగెత్తాడు. అప్పటికే ఏరేటర్లన్నీ నురగలు లేపుతూ తిరుగుతున్నాయి. తూము దించింది దించినట్టే ఉంది. "రొయ్యలు క్షేమమండి" అని ఫోన్లో ఏజెంటు చెప్పింది.

"చిన్నప్పట్నించీ ఈ తూము ఎత్తుతూ దించుతూనే ఉన్నాను. దీని గురించి ఇంత తేటగా నేనెప్పుడూ ఎవరికీ చెప్పలేదే!" అన్నాడాయన ఇంటికొచ్చి భార్యతో.

మర్నాడు ఆ మాటలే పెద్దక్షరాలతో బోర్డు మీద రాయించి తూము పక్కన పాతించాడు, మనుషుల కోసం.