మొదటి తూటా

వేటకి ఇంకా రెండు రోజులుంది. మోంటానా చలి రాత్రి, షెడ్డులో ఒక్కడే కూర్చుని ఓరిన్ ఆ పాత మరని బాగుచేస్తున్నాడు. పేలిన ఇత్తడి గుల్లల్లో మళ్ళీ మందు కూరి తూటాలు చేసే మర అది. పిడి లాగినప్పుడల్లా ఒక తూటా రేకు తొట్టెలో పడుతుంది. ముప్పై ఏళ్ళు ఆ పిడి లాగిన స్నేహితుడు వెర్లిన్ ఏప్రిల్లో పోయాడు.

"నూనె ఎక్కువైతే మందు పాడవుద్ది, తక్కువైతే మర అరుస్తుంది. నీకు రెండూ చేతకావురా," అనేవాడు వెర్లిన్. అంటూనే, లోపలికి తడి దిగకుండా తూటా అడుగున పెళ్ళాం గోళ్ళ రంగు ఓ చుక్క పూసి, ఏటా మొదటిది ఓరిన్ చేతిలోనే పెట్టేవాడు.

మర ఇచ్చేస్తూ వెర్లిన్ భార్య లవాన్ అంది: "అన్నీ పట్టుకుపో ఓరిన్. ఆ ఎర్ర రంగు సీసా మాత్రం అడక్కు. ఆయన జేబులో పెట్టి ఆయనతోనే పంపించేశాను."

ఓరిన్ గుల్లలు నిలబెట్టే పళ్ళెం తుడిచి, ఇరుసుకి పల్చగా గ్రీజు రాశాడు. ఖాళీ మర పిడి లాగి చూశాడు. కిర్రుమనలేదు.

"చూశావా ముసలోడా, నాకూ చేతనయింది," అన్నాడు పైకే.

షెడ్డులో ఒక్క గుల్ల లేదు. మందు ఇంకా కొననేలేదు.

లైటు ఆర్పడానికి లేచాడు. వెనకాల పిడి కదిలిన చప్పుడేమీ కాలేదు. గ్రీజు అంత బాగా పట్టింది. తొట్టెలో మాత్రం టంగుమని ఏదో పడింది.

వెనక్కి వెళ్ళి తీశాడు. ఒకటే తూటా. దాని అడుగు తగిలి బొటనవేలు ఎర్రగా అయింది. రంగు ఇంకా ఆరలేదు.