టెంకాయ లేచిన చోటు

"యంత్రం చూపినచోట బోరు వేస్తారా, నా టెంకాయ చూపినచోట వేస్తారా? ముందు అది తేల్చండప్పా!" అని వెంకటరాయప్ప అపార్ట్‌మెంటు గేటు దగ్గరే అడ్డం తిరిగాడు.

అరచేతిలో టెంకాయ పెట్టుకుని నడిచి, అది నిలువుగా లేచిన చోట బోరు పాయింటు పెట్టడం ఆయన పని. బ్రూక్‌ఫీల్డ్‌లోని ఆ అపార్ట్‌మెంటులో ఉన్న రెండు బోర్లూ ఎండిపోయాయి. సెక్రటరీ అశోక్‌కుమార్ ఆయన్ని పిలిచి ఊరుకోకుండా, సర్వే కంపెనీ నుంచి కిరణ్మయి అనే ఇంజనీరమ్మాయిని కూడా పిలిచాడు.

"కోపం వద్దు తాతా. ఆస్పత్రిలో మనుషులకి స్కానింగ్ తీస్తారు కదా, ఇది నేలకి తీసే స్కానింగ్. తరంగాలు లోపలికి పోయి నీళ్ళు యాడుండాయో చెప్తాయి" అన్నాడు అశోక్‌కుమార్.

"ఆస్పత్రులు వచ్చినాయని నాడి చూసేవాళ్ళు లేకుండా పోయినారా? సరే, ఇద్దరమూ చూస్తాం. నాది తప్పయితే ఈ టెంకాయ ఈడనే కొట్టి మీ చట్నీకి ఇచ్చేస్తా. మళ్ళా ఈ పని ముట్టను!"

అనడమైతే అన్నాడు గాని, ముసలాయన గుండెలో రాయి పడింది. ఈ ఎండాకాలం ఆయన పెట్టిన మూడు పాయింట్లలోనూ దుమ్మే లేచింది. ఇదీ పోతే ఇక ఆయన్ని పిలిచే దిక్కుండదు.

ఒకరు చూస్తున్నప్పుడు రెండోవారు గేటు బయట ఉండాలి, చివర్లో చెరో చీటీ ఇవ్వాలి అని ఒప్పందం. సెక్రటరీ రోడ్డు మీద బోరు వేసే రిగ్గు లారీవాళ్ళతో మాటల్లో పడ్డాడు. ముందు కిరణ్మయి చక్రాల యంత్రాన్ని తోసుకుంటూ లోపలికి వెళ్ళింది. వెంకటరాయప్ప మెల్లగా గేటు సందుకు కన్ను ఆనించాడు. అమ్మాయి అటూ ఇటూ తిరిగి తిరిగి, వెనక గోడ పక్కన మునగచెట్టు దగ్గర పది నిమిషాలు కదలకుండా నిలబడింది.

తన వంతు రాగానే ఆయన టెంకాయకు దండం పెట్టి బయల్దేరాడు. టెంకాయ సరిగ్గా మునగచెట్టు దగ్గరే లేచింది. లేచిందో, లేపాడో ఆయన వేళ్ళకే తెలియాలి.

చీటీలు విప్పితే రెండింటిలోనూ మునగచెట్టే!

"ఇంకేం కావాలి!" అని అశోక్‌కుమార్ ఎగిరి గంతేశాడు.

సాయంత్రానికి ఎనిమిది వందల అడుగుల దగ్గర నీళ్ళు పైకి చిమ్మాయి. ఆడామగా, పిల్లాజెల్లా అందరూ బురదలో తడిసి ముద్దవుతూ కేకలు పెట్టారు. ఎవరో మైసూరుపాక్ పంచారు. వెంకటరాయప్ప మెడలో దండ వేశారు. ఆయనకు సంతోషం పట్టరానిదే అయినా, ఆ దండ మాత్రం మెడలో ముల్లులా గుచ్చుకుంది. కిరణ్మయిని పక్కకు పిలిచాడు.

"తల్లీ, ఈ దండ నీది. గేటు సందులోంచి నువ్వు నిలబడిన చోటు చూసి, ఆడనే నా వేళ్ళతో టెంకాయను లేపినా. నీళ్ళు కనిపెట్టింది నీ యంత్రమే."

కిరణ్మయి గబుక్కున అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"అయ్యో తాతా! నా యంత్రం సగంలోనే ఆగిపోయింది. ఏం చెప్పాలో తెలియక, నేనూ గేటు సందులోంచే మీ టెంకాయ లేచిన చోటు చూసి చీటీ రాసినా!"

వెనక నీళ్ళు ఇంకా చిమ్ముతూనే ఉన్నాయి.

"మరి ఆ మునగచెట్టు కింద అంతసేపు ఎందుకు నిలబడినావమ్మా?"

"యంత్రం ఆగిపోయిందని ఆఫీసుకి ఫోన్ చేస్తా ఉంటిని తాతా. ఇంత పెద్ద కాంపౌండులో సిగ్నల్ ఆ ఒక్కచోటే దొరికింది!"