ఒకే మైకు

పొద్దున కోర్టులో విడాకుల కాగితాల మీద సంతకాలు పెట్టి, మధ్యాహ్నానికల్లా నోరీన్, క్లీటస్ నాష్‌విల్‌లోని స్టూడియోకి వచ్చేశారు. వాళ్ల జంట ఆల్బంలో ఇంకొక్క పాటే మిగిలింది. అదీ, నిండు నూరేళ్లూ కలిసి బతికిన ముసలి దంపతుల ప్రేమపాట.

జనం మళ్లీ పాత పద్ధతి కంట్రీ పాటలే, అంటే అమెరికా పల్లె బాణీలే, అడుగుతున్న రోజులవి. అందుకే ఫిడేలు, స్టీల్ గిటారు, ఇద్దరికీ కలిపి ఒకే మైకు. మొహంలో మొహం పెట్టి పాడక తప్పదు.

"తొందరగా కానిచ్చేద్దాం," అన్నాడు క్లీటస్.

నోరీన్ అతని కళ్లలోకి చూస్తూ పాడింది. ఆమె గొంతు అంత మెత్తగా పలకడం అతనెప్పుడూ వినలేదు. పాట అయ్యేసరికి గాజు అద్దం వెనక గదిలో ఆల్బం నిర్మాత కళ్లు తుడుచుకుంటున్నాడు.

"మీ కాపురం చల్లగుండా! పాటంటే ఇదీ!" అని అరిచాడు. విడాకుల సంగతి అతనికింకా తెలీదు.

క్లీటస్ మైకుకి చెయ్యి అడ్డం పెట్టాడు. "నోరీ, నిజం చెప్పు. తొందరపడ్డామా?"

"లేదయ్యా. ఇన్నాళ్లూ పాడుతున్నంతసేపూ, ఇంటికెళ్లాక నీతో ఏం గొడవవుతుందోనన్న బెంగే. ఇవాళ హాయిగా ఉంది."

ఆమె అద్దం వైపు తిరిగి చెయ్యూపింది.

"ఏమయ్యోయ్, మిగతా పాటలన్నీ కూడా మళ్లీ పాడేస్తాం!"