పాత నంబరు

“ఈ సిమ్ము తీయడానికి వీల్లేదు,” అన్నాడు దర్జీ, ఫోనును గుప్పిట్లో బిగించి.

హజ్‌కు వచ్చిన బృందంవాళ్ళంతా సిమ్ములు అమ్మే కౌంటరు ముందు అప్పటికి గంట నుంచి పడిగాపులు కాస్తున్నారు. సాయంత్రపు అసర్ నమాజు కాగానే నేరుగా ఇక్కడికే వచ్చారు. కాళ్ళు పీకుతున్నాయి. యాత్రికులందరికీ పట్టుకున్న దగ్గే దర్జీకీ పట్టుకుంది, మూడు రోజులుగా గొంతు బొంగురుపోయింది. భార్య గోడకు ఆనుకుని కింద కూర్చుని, చెప్పులు విడిచి అరికాళ్ళు ఒత్తుకుంటోంది. వాదించే ఓపిక ఆమెకు లేదు. అయినా మానలేదు.

“పొద్దున మసీదు దగ్గర జనంలో తప్పిపోయి మీకు ఎన్నిసార్లు చేశానో లెక్కే లేదు. కలిస్తేగా. ఒక్కదాన్నే మూడు గేట్లు తిరిగాను. రేపు లక్షల మంది చేరే మైదానంలోనూ ఇంతే అయితే నేనేం కావాలి?”

దర్జీ ఫోనులో సిగ్నలు గీత నిలబడే ఉందని చూపించాడు.

“గీత ఉంటుందయ్యా, కాల్ రాదు. ఈ జనంలో మన సిమ్ములు ఇంతే,” అన్నాడు గొడుగాయన. ఆకుపచ్చ గొడుగు ఎత్తి పట్టుకుని నలభై మందిని వెంట తిప్పుకునే బృందం పెద్ద ఆయన. పక్కపక్కనే ఉన్న మూడు కంపెనీల్లో రేపటి మైదానంలో పలికేది ఏదో, ముందు వచ్చి వెళ్ళినవాళ్ళను వాకబు చేసి మరీ తెలుసుకున్నాడు. దర్జీ భార్యతో సహా ముప్పై తొమ్మిది మందికి అదే వేయించాడు. మిగిలింది దర్జీ ఒక్కడే. చూస్తే అతనిది పాతకాలపు ఫోను, రెండో సిమ్ముకు చోటు లేదు. కొత్తది పెట్టాలంటే పాతది తీయాల్సిందే.

దర్జీ బాధ కూడా అదే. తమ్ముడికి తెలిసింది ఆ పాత నంబరొక్కటే.

హజ్‌కు బయలుదేరే ముందు తెలిసినవాళ్ళ ఇళ్ళన్నీ తిరిగి, తప్పులుంటే మన్నించమని అడిగి వచ్చాడు. అందరూ కౌగిలించుకుని పంపారు. తమ్ముడొక్కడే తలుపు తీయలేదు. తండ్రి వదిలిపోయిన కొట్టుకు నడుమ గోడ లేపి, వెలుతురు వచ్చే సగం తాను ఉంచుకున్నది దర్జీయే మరి. ఐదేళ్ళుగా గోడ అవతల తమ్ముడి మిషను చప్పుడు వినబడుతుంది, మాట మాత్రం వినబడదు. నంబరు అదేననీ, మైదానంలో నిలబడి క్షమాపణ వేడే రోజులోగా ఒక్క మాట చెప్పమనీ మూసిన తలుపుకే చెప్పి వచ్చాడు. అల్లాకు చేసిన తప్పు అల్లా మన్నిస్తాడు. తమ్ముడికి చేసినది తమ్ముడే మన్నించాలి. ఆ రోజు రేపే.

“ఐదేళ్ళలో చెయ్యనివాడు ఇవాళ చేస్తాడా?” అంది భార్య. దెప్పలేదు, అలసిపోయి అంది.

దర్జీ ఆమె వాచిన పాదాల వంక చూశాడు. జాలేసింది. తన మీద తనకే రోత పుట్టింది. ఫోను తీసి కౌంటరు మీద పెట్టాడు.

కౌంటరు మనిషి వేలిముద్ర అడిగాడు. సూదిపోట్లు పడి పడి అరిగిపోయిన బొటనవేలిని యంత్రం ఒప్పుకోలేదు. మళ్ళీ పెట్టించాడు, తుడిచి ఇంకోసారి పెట్టించాడు. ఎర్రదీపమే. దర్జీకి పోయిన ప్రాణం లేచి వచ్చింది. ముప్పై ఏళ్ళు గుచ్చుకున్నందుకు సూది ఇన్నాళ్ళకు ఒక ఉపకారం చేసిందనుకున్నాడు. ఆ సంబరం నిమిషమైనా నిలవలేదు. భార్య మోకాళ్ళు పట్టుకుని లేచి వచ్చి, తన పాస్‌పోర్టు ఇచ్చి తన వేలు పెట్టింది. పచ్చదీపం వెలిగింది.

పాత సిమ్మును కాగితంలో చుట్టి నడుముకు కట్టుకున్న సంచిలో వేసుకున్నాడు దర్జీ. కొత్త సిమ్ముతో ఫోను వెలిగింది. గీతలన్నీ నిండుగా నిలబడ్డాయి.

ఎవరికైనా చేసి చూసుకోమని చెప్పి, గొడుగాయన తన ఫోనులో ఇంకెవరితోనో మాటల్లో పడ్డాడు. అప్పుడు చూసుకున్నాడు దర్జీ. పేర్లూ నంబర్లూ అన్నీ పాత సిమ్ముతోనే పోయాయి. భార్య ఫోను చూస్తే, పొద్దుటి నుంచి చేసి చేసి చార్జింగు అయిపోయి పడుకుంది. అతని నోటికి వచ్చిన నంబరు ఒక్కటే. కొట్టు బోర్డు మీద, బట్టలిచ్చే సంచుల మీద ఇరవై ఏళ్ళు రాయించిన నంబరు. గోడ లేచాక ఆ ల్యాండ్‌లైను తమ్ముడి వాటాకు పోయింది. ఎలాగూ ఎత్తడు, అవతల మోగితే చాలు సిమ్ము పనిచేస్తున్నట్టే అనుకుని నొక్కాడు.

మొదటి రింగుకే ఎత్తారు.

దర్జీకి దగ్గు తెర వచ్చింది. ఎలాగో కూడదీసుకుని “హలో” అన్నాడు. ఆ బొంగురు గొంతు అతనికే పరాయిగా వినిపించింది.

“ఎవరండీ? బట్టల సంగతైతే రేపు మాట్లాడదాం,” అన్నాడు తమ్ముడు కంగారుగా. “ఏమనుకోకండి, ఫోను పెట్టేయండి. మా అన్న హజ్‌కు వెళ్ళాడు. పొద్దుటి నుంచి చేస్తున్నా కలవడం లేదు. తనే తిరిగి చేస్తాడేమో, లైను ఖాళీగా ఉండాలి.”